బీరువాల వెనక మొలకలు

రాష్ట్ర బడ్జెట్‌ను ఇరవయ్యేళ్లు నేనే రాశాను. నూజివీడు బస్టాండు పక్క టీకొట్టులో ఎవర్ని అడిగినా ఈ సంగతి చెబుతారు, ఎందుకంటే వాళ్లందరికీ చెప్పింది నేనే. ఆర్థికమంత్రి అసెంబ్లీలో లేచి నిలబడి చదువుతాడే, ఆ లావుపాటి పుస్తకాల్లో నా రాత ఉండేది. కావాలంటే తీసి చూసుకోండి.

వద్దు, చూడకండి. కనపడదు. నేను పనిచేసింది చాట్రాయి వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ప్రభుత్వ పండ్ల నర్సరీలో, గుమాస్తాగా. వచ్చే ఏడాదికి మా నర్సరీకి ఎంత కావాలో అక్టోబరు నెలలో ఒక కాగితం మీద రాసి పై ఆఫీసుకు పంపేవాణ్ణి. వాళ్లు దాన్ని జిల్లాలో మిగతా కాగితాలతో కలిపేవారు. జిల్లా కాగితాన్ని ఇంకా పైవాళ్లు రాష్ట్రం కాగితంలో కలిపేవారు. అలా కలుపుకుంటూ పోగా పోగా ఆ లావుపాటి పుస్తకంలో ఎక్కడో ఒక వరస, ఆ వరసలో ఒక అంకె, ఆ అంకెలో ఎక్కడో అడుగున నేను. ఇంత నిజం ఒక్కసారిగా చెప్పడం నాకు అలవాటు లేదు. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి.

ఆ కాగితం రాయడానికి ఒక పద్ధతి ఉండేది. మనకి కావలసినదానికి రెట్టింపు రాయాలి. పై ఆఫీసాయన అందులో సగం కొట్టేస్తాడు. మేం రెట్టింపు రాశామని ఆయనకి తెలుసు, ఆయన సగం కొడతాడని మాకు తెలుసు. ఎవరూ ఎవర్నీ మోసం చేసినట్టు కాదు. మొగుడూ పెళ్లాం కూరగాయల బండి దగ్గర ఒకరు ధర ఎక్కువని, ఒకరు పోనీలే అని ఆడే నాటకం లాంటిది. చిక్కల్లా ఒకటే. ఎవడైనా అమాయకుడు ఉన్నది ఉన్నట్టు రాశాడనుకోండి, వాడికి సగమే వస్తుంది. మా శాఖలో నిజం చెప్పి చెడిపోయినవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన తర్వాత బాగుపడ్డాడు, రెట్టింపు రాయడం నేర్చుకుని.

ఖజానాకి రాబడి బాగున్న ఏడాది పైవాళ్లు ఉదారంగా ఉంటారు, సగం కొట్టడం మరిచిపోతారు. అప్పుడు మాకు మార్చిలో డబ్బు మిగులుతుంది. మిగిలితే దాచుకోకూడదా అని మీరు అడగొచ్చు. కూడదు. మార్చి ముప్పై ఒకటి సాయంత్రానికి ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. అది పోతే పోయింది, "పోయినేడు మిగిల్చారుగా, మీకెందుకయ్యా అంత?" అని వచ్చే ఏడాది దానికి కూడా కోత పెడతారు. అంచేత మార్చి ఆఖరివారంలో ప్రభుత్వ గుమాస్తాలందరూ పెళ్లివారిలాగా కొట్లమీద పడేవాళ్లం. ఎవరి సరదా వారిది. ఒకాయన కుర్చీలు కొనేవాడు. ఒకాయన తెల్లకాగితం బస్తాలకి బస్తాలు కొని చెదలకి మేపేవాడు. నేను ఇనుప బీరువాలు కొనేవాణ్ణి. బీరువా కుళ్లదు, ఎలక కొరకదు, ఆడిట్‌వాళ్లు వస్తే ఎదురుగా నిలబడి ఉంటుంది. నా సర్వీసులో ఇరవై బీరువాలు కొన్నాను.

సరే, పదమూడు. నర్సరీలో కుర్చీలు మాత్రం నాలుగే.

ఇక పిన్ని సంగతి. మా నర్సరీలో అంటు కట్టే ఆవిడ. చాట్రాయి అవతల పల్లె, అక్కడి కూలీ కుటుంబం, చిన్నప్పటినించి మామిడి తోటల్లోనే పని. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, అయినా నర్సరీలో అందరూ పిన్ని అంటారు కాబట్టి నేనూ అనేవాణ్ణి. నాటు మామిడి మొలక తల కోసి, దానిమీద రసాల కొమ్మ పుల్ల పెట్టి కట్టు కడితే, పదిలో తొమ్మిది బతికేవి. మిగతావాళ్లకి పదిలో ఆరు బతికితే గొప్ప. ఇంత పనిమంతురాలు రోజుకూలీ. హాజరుపట్టీలో పేరు ఉంటే కూలీ, లేకపోతే లేదు. అయితే పైనుంచి ఒక మాట నడుస్తూ ఉండేది. తెగకుండా ఇన్నేళ్లు పనిచేసిన రోజుకూలీలని జాబితా చేసి నెలజీతానికి తీసుకుంటారని. పిన్నికి ఆ గడువు నిండటానికి ఇంక ఒక్క ఏడాది తక్కువ. మధ్యలో ఒక్క నెల పేరు తప్పినా లెక్క మళ్లీ ఒకటినుంచి మొదలు.

"గుమాస్తాగారూ, నా పేరు తప్పదు కదండీ?" అని నెలకోసారైనా అడిగేది.

"రాష్ట్ర బడ్జెట్ నా చేతిలో ఉండగా నీ పేరు తప్పించేవాడు ఎవడు పిన్నీ?" అనేవాణ్ణి. ఆవిడ నమ్మింది. ఆవిడ నమ్మేసరికి నేను కూడా నమ్మాను. అదే వచ్చిన చిక్కు.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు మా నర్సరీకి కొత్త ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు, చెప్పులకి మట్టి అంటితే సంతోషించే రకం. వాళ్ల నాన్నగారిది బాపులపాడు దగ్గర మామిడి తోట. వచ్చిన మొదటి రోజే స్టోరు చూడాలంది. తీసుకెళ్లాను. వరసగా బీరువాలు.

"ఇన్ని ఎందుకండీ?"

"మంచి ఏడాదుల్లో దాచుకున్నవండి మేడం" అన్నాను గొప్పగా.

ఒకటి తెరిచింది. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. మూడోదాంట్లో పిన్ని అన్నం క్యారేజీ, నాలుగోదాంట్లో కూలీల చీరలు ఆరేసి ఉన్నాయి.

"దాచుకోవడానికి బీరువా కొన్నారు, దాచుకున్నది ఏదండీ మరి?" అంది. నవ్వలేదు కూడా. నాకైతే అది చాలా పెద్ద ప్రశ్నలాగా తోచింది. మన సర్కారు కూడా మంచి ఏడాదుల్లో ఎక్కడ చూసినా శంకుస్థాపన పలకలు పాతుకుంటూ పోలేదా? రాబడి తగ్గిన ఏడాది ఆ పలకల పక్కన మేకలు పడుకుంటాయి. ఇది నేను అప్పుడు ఆవిడతో అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ధైర్యం పింఛనుతోబాటు వచ్చింది.

ఆ ఏడాది రాబడి బ్రహ్మాండంగా ఉంది. స్థలాలు చేతులు మారుతున్నాయి, లారీలు తిరుగుతున్నాయి, జనం షాపుల్లో కొంటున్నారు, వాటన్నిటిమీదా పన్ను ఖజానాకి వస్తోంది. మామిడి కూడా విరగకాసింది. మార్చి వచ్చేసరికి మా దగ్గర డబ్బు మిగిలింది. నేను బీరువా కొట్టతనికి ఫోను చేయబోతుంటే మేడం ఆపింది.

"మా నాన్నగారు కాపు బాగా వచ్చిన ఏడాది ఏదీ కొనేవారు కాదండీ" అంది. "చెట్టు ఈ ఏడు ఒళ్లు విరుచుకుని కాసిందంటే వచ్చే ఏడు అలిసిపోతుంది, అప్పటికి కావలసింది ఇప్పుడే చూసుకోవాలి అనేవారు. రాష్ట్రం రాబడి కూడా అలాంటిదే కదా. ఒక ఏడు కాస్తుంది, ఒక ఏడు పూతలోనే మాడిపోతుంది."

"బాగానే ఉందండి మేడం. కానీ మనం డబ్బు దాచలేం. రూలు ఒప్పుకోదు."

"డబ్బు దాచొద్దు. మొక్కలు దాచుదాం. మొక్క మార్చి ముప్పై ఒకటికి వెనక్కి పోదు కదా."

మిగిలిన డబ్బుతో నల్లసంచులు, చెరువు మట్టి, పశువుల ఎరువు కొని, కూలీలతో సంచులు నింపించింది. మామిడి టెంకలు కొనక్కర్లేదని పిన్ని చెప్పింది. ఎండల్లో మామిడితాండ్ర పోసేవాళ్లు రసం పిండేసి టెంకల్ని కుప్పలుగా పారేస్తారు, అవి తెచ్చుకుంటే సరి. జూన్‌లో ఆవిడే నలుగుర్ని వెంటేసుకుని ట్రక్కు ఆటోలో ఊళ్లు తిరిగింది. ఈగలు ముసిరే టెంకల మూటలు తెచ్చి నా బల్ల పక్కన పడేసింది.

"ఇదేం వాసన పిన్నీ!"

"ఇది వచ్చే ఏటి బడ్జెట్టండీ. ముక్కు మూసుకుని రాసుకోండి."

నాకు నవ్వొచ్చింది. బీరువాలుండగా టెంకలేమిటి అనుకున్నాను. ఆ మాట టీకొట్టులో చెప్పి అందర్నీ నవ్వించాను కూడా. ఇప్పుడు అదే టీకొట్టులో టెంకల ఆలోచన నాదే అని చెబుతుంటాను. నాది కాదు.

ఇక ఆ తర్వాత ఏడాది మేడంవాళ్ల నాన్నగారు చెప్పినట్టే అయింది. వ్యాపారాలు మందగించాయి. స్థలాలు కొనేవాళ్లు లేరు. ఖజానాలో బిల్లు పెడితే అది అక్కడే నిద్రపోయేది. మాకు జీతాలే ఆలస్యం. మా ఆవిడ పాలవాడితో మాట్లాడే గొంతు మారిపోయింది. అలాంటి రోజుల్లో, మామిడి పూతమీదున్నప్పుడు, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పెంచుతున్న మొలకలు పదివేలకి తక్కువ ఉన్న నర్సరీలని పక్క నర్సరీలో కలిపేయాలి, అక్కడి రోజుకూలీలని ఆ నెలనుంచే ఆపేయాలి. మా దగ్గర ఎన్ని ఉన్నాయో వెంటనే రాసి పంపమన్నారు. తర్వాత ఒకాయన వచ్చి చూస్తాడు.

పిన్ని చేతిలో మొక్క పెట్టుకుని నా బల్ల దగ్గర నిలబడింది. ఈసారి ఏమీ అడగలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"ఎన్ని మొలకలున్నాయి పిన్నీ?"

"తొమ్మిది వేలండీ."

"సరిగ్గా చూశావా?"

"నేను పెంచిన మొక్కలండీ, నాకు తెలీదా?"

మేడం అప్పటికే చెప్పి ఉంచింది. "ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ ఒక్కసారి." నేను కలం తీశాను. జీవితంలో మొదటిసారి ఒక్క మొక్క కూడా కలపకుండా, తీసేయకుండా, నిజం రాశాను.

అబద్ధం. పన్నెండు వేలు రాశాను. రాయాలని అనుకోలేదు. ఇరవయ్యేళ్ల చెయ్యి, తొమ్మిది దగ్గర ఆగలేకపోయింది.

వారం తర్వాత తనిఖీకి మా కాగితాల్లో సగం కొట్టే ఆ పై ఆఫీసాయనే వచ్చాడు. పొట్టి మనిషి, జేబులో రెండు కలాలు. ఒకటి రాయడానికి, ఒకటి కొట్టేయడానికి అని నా ఊహ. నా కాగితం ఒకసారి చూశాడు, తల ఎత్తకుండానే అడిగాడు.

"పన్నెండు వేలా? రాసింది నువ్వేనా?"

"అవునండి."

"నువ్వు పన్నెండంటే ఆరు. ఆరు వేలని రాసుకుంటున్నా."

"సార్!" మేడం లేచి నిలబడింది. ముఖం ఎర్రబడిపోయింది. "ఈసారి మేం నిజం రాశాం సార్. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు. కావాలంటే మీరే లెక్కపెట్టించండి."

"అమ్మా, నీ గుమాస్తాని నేను ఇరవయ్యేళ్లనించి ఎరుగుదును."

"లెక్కపెట్టండి సార్. తక్కువొస్తే నర్సరీ మూసేసుకోండి."

నాకోసం అంత గట్టిగా నిలబడిన మనిషి నా సర్వీసులో ఇంకొకరు లేరు. నిలబడింది నేను చెప్పిన అబద్ధం మీద.

లెక్క మొదలైంది. మా మడులు ఒక కొలతలో ఉండవు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అందుకని కూలీలు వరసల మధ్య నడుస్తూ, ఎండిపోయిన సంచులు వదిలేసి, నూరు మొలకలకి ఒక గులకరాయి బుట్టలో వేయాలి. బుట్ట ఎవరు పట్టుకోవాలి? నేను చెయ్యి చాపాను. "నీ చేతికివ్వనయ్యా" అని ఆయనే పట్టుకున్నాడు. ఎండలో, ప్యాంటు పైకి మడిచి, ఒక్కో రాయి పడినప్పుడల్లా పైకి చెబుతూ నడిచాడు.

నలభయ్యో రాయి దగ్గర నేను ఇంక ఆగలేకపోయాను. మేడాన్ని పక్కకి పిలిచాను.

"మేడం, ఒక్క మాటండి. పిన్ని నాకు చెప్పింది తొమ్మిదేనండి."

ఆవిడ నా వంక చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరి పన్నెండు ఎలా అయింది?"

"చెయ్యి అలవాటండి."

"ఆయన సగం కొడతాడని మీకు తెలుసుగా. అబద్ధమే ఆడాలనుకుంటే పాతిక రాయొచ్చుగా?"

"మీరు నిజం రాయమన్నారు కదండీ. అందుకని దానికి దగ్గర్లో ఉండాలని..."

మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను. తర్వాత నెమ్మదిగా అడిగింది. "పిన్నికి తెలుసా?"

పిన్నికి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆవిడ మడి చివర నిలబడి ఎండుటాకులు ఏరుతోంది.

"పిన్నీ, నేను పన్నెండు రాశాను. ఆయన లెక్కపెడుతున్నాడు. తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. నీ పేరు..." రాష్ట్ర బడ్జెట్ నా చేతిలో ఉందన్న నోరే ఆ మాట అంది.

"పన్నెండా?" అంది. "నేను తొమ్మిదంటే మీరు పద్దెనిమిది రాస్తారనుకున్నానండీ." అంతే, మళ్లీ ఆకులు ఏరుకోసాగింది. నేను ముందే అన్నాను, ఎండ ఎక్కువగా ఉంది. ఆవిడకి తలకెక్కిందనుకున్నాను.

తొంభై రెండో రాయితో ముందు మడులన్నీ అయిపోయాయి. ఆయన బుట్ట కింద పెట్టి, చెమట తుడుచుకుని, కలం తీశాడు. రెండో కలం.

"తొమ్మిది వేల రెండు వందలమ్మా. పదికి తక్కువే."

"ఇంకా అయిపోలేదండీ" అంది పిన్ని. "వెనక ఉన్నాయి."

"వెనక ఎక్కడ?"

ఆవిడ ముందు నడిచింది. పాత రేకుల షెడ్డు దాటాక, కంచె పక్కన, నా బీరువాలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడికి ఎప్పుడు వెళ్లాయో నాకు తెలీదు. స్టోరులో ఖాళీగా ఉన్నవాటిని ఆవిడా కూలీలూ ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెచ్చి మేకలకి అడ్డంగా నిలబెట్టారట. తుప్పు పట్టి, ఒక దాని తలుపు ఊడిపోయి. వాటి వెనక ఎండ తగిలేలా వదిలిన జాగాలో రెండు పొడుగాటి మడులు. మోకాలెత్తు మొలకలు, రాగిరంగు లేతాకులు వేసి.

ఆయన బుట్ట మళ్లీ ఎత్తాడు. తొంభై మూడు, తొంభై నాలుగు. నూరో రాయి పడినప్పుడు కూలీల్లో ఎవరో ఈల వేశారు, ఆయన కోప్పడలేదు. నూట పదిహేడు దగ్గర లెక్క అయింది.

"ఇవి ముందే ఎందుకు చెప్పలేదమ్మా మీ గుమాస్తాకి?" అని పిన్నిని అడిగాడు ఆయన.

"చెబితే ఆయన రెట్టింపు చేసి రాస్తారండీ. రెట్టింపున్నాయని మీకు తెలిస్తే మిగులు మొక్కలకి లారీ పంపిస్తారు. మూడేళ్లక్రితం అలాగే పట్టుకెళ్లారు కదండీ. మళ్లీ మా చేతిలో ఏమీ లేదు. అందుకని కొన్ని బీరువాల వెనక దాచానండీ."

లారీ పంపించింది ఈయన ఆఫీసే. ఆయన కాసేపు బుట్టలో రాళ్లు కదుపుతూ నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"పదకొండు వేల ఏడు వందలు. నువ్వు పన్నెండు రాశావు. నీ సర్వీసు మొత్తంలో నిజానికి ఇంత దగ్గరికి ఎప్పుడైనా వచ్చావుటయ్యా?"

"లేదండి."

"పొరపాటున వచ్చుంటావు" అని, మొదటి కలంతో సంతకం పెట్టాడు. పిన్ని పేరు ఆ నెల తప్పలేదు, ఆ తర్వాత కూడా తప్పలేదు. వానలు పడ్డాక ఆ మొలకలన్నిటికీ ఆవిడే దగ్గరుండి అంటు కట్టించింది. గడువు నిండి జాబితాలో పేరు ఎక్కిన రోజు నా బల్లమీద ఒక పెద్దరసం మామిడిపండు పెట్టి వెళ్లింది. ఒక్కటే. బుట్ట అని టీకొట్టులో చెప్పాను, అది వేరే సంగతి.

నేను రిటైరైన రోజున వీడ్కోలు సభలో, రాష్ట్రం కష్టకాలంలో ఉన్నప్పుడు ఒక నర్సరీని నా ముందుచూపుతో ఎలా కాపాడానో ఇరవై నిమిషాలు చెప్పాను. మేడం వింటూ కూర్చుంది. పిన్ని వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పట్లు బాగానే కొట్టారు. ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, "మొక్కలు దాచింది మీరా?" అని. "బీరువాలు నావే కదా" అన్నాను. అది మాత్రం పూర్తిగా నిజం. బీరువాలు లేకపోతే మేకలు ఆ మడుల్ని మిగిల్చేవి కావు.

ఇది రాయడానికి ముందు లెక్కలు తప్పకూడదని పిన్నిని కలిశాను. పెద్ద ఆటోస్టాండు దగ్గర దొరికింది, చేతిలో పళ్ల సంచి. ఇప్పుడు నెల జీతం, బ్యాంకు పాసుబుక్కు, జబ్బుచేస్తే సెలవు. కొత్త గుమాస్తా మంచివాడే కానీ ఉన్నది ఉన్నట్టు రాస్తాడట, వాడితో చాలా ఇబ్బందిగా ఉందట.

"ఆ రోజు నిజంగా ఎన్ని మొలకలున్నాయి పిన్నీ? పుస్తకంలో రాస్తున్నాను."

"లెక్కపెట్టారు కదండీ. నూట పదిహేడు రాళ్లు."

"అవి కాక ఇంకెక్కడైనా దాచావా?"

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "మీరు రాసేటట్టయితే చెప్పనండీ" అంది. ఆటో కదిలాక వెనక్కి తిరిగి, "బీరువాలెన్ని అని రాశారు?" అని అరిచింది.

"పదమూడు!"

"తొమ్మిదేనండీ!"

అందుకే ఇంతకుముందు పదమూడని రాసినచోట తొమ్మిది అని దిద్దుకుని చదువుకోండి.